నూట డెబ్బై గ్రాముల ఫైలు

జూన్ 9, సోమవారం

మా మనవడు ప్రశాంత్ ర్యాంకు ముప్పై ఒక్క వేల నాలుగు వందల అరవై. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌ది. వచ్చి నెల కావస్తోంది. ఇంట్లో అందరికీ ఫోన్ నంబరులాగా నోటికొచ్చేసింది. కోడలు బాలామణి పాలవాడికి కూడా చెప్పింది. ఎంతమందిల వచ్చిందక్కా అని వాడు అడిగాడు. కోడలు తెల్లమొహం వేసింది. పాలు పోసేవాడికి తట్టిన ప్రశ్న ఈ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం పక్కింటి సత్యనారాయణమూర్తి వచ్చాడు. ఏలూరు వైపు మనిషి, రిటైరైన గుమాస్తా. నాచారంలో ఇల్లు కట్టుకున్నదే మాకు బుద్ధులు చెప్పడానికన్నట్టు ఉంటాడు. చూడండి లక్ష్మీనర్సమ్మగారూ, కంప్యూటర్స్ తప్ప ఇంకో బ్రాంచి వద్దు, ర్యాంకుకు రాకపోతే బీ కేటగిరీలో కొనేయండి, డబ్బు ఇవాళ పోతుంది రేపొస్తుంది, మా గీతికని చూడండి, ఆరున్నర లక్షల ప్యాకేజీ అన్నాడు. గీతిక ఆయన మనవరాలు. బీ కేటగిరీ అంటే డొనేషన్ కట్టి కొనుక్కునే సీటు. ఆ మాటలు చెబుతూ నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాడు. అయిదోది చేతిలో పట్టుకుని వెళ్ళాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు నాచారం మార్కెట్లో కూరగాయలు అమ్మాను. సరుకు చూపించకుండా రేటు చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళెవరూ ఇంత ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

గ్యాసు కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూశాను. కట్టేసే ఉంది.

జూన్ 11, బుధవారం

అనుకున్నంతా అయింది.

కొడుకు పరంధామయ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలిపాడు. వాడు అట్లా చేస్తే ఏదో అడగబోతున్నాడని అర్థం. చిన్నప్పుడు సైకిల్ కూడా అట్లాగే అడిగాడు. అమ్మా, అన్నోజిగూడ ప్లాటు ఊకెనే ఉన్నది గద, ముండ్లకంపలు మొలుస్తున్నయ్, అమ్మేస్తె పోరని బతుకు ఒక ఒడ్డుకు జేరుతది అన్నాడు.

నూట పది గజాలు. నా పేరు మీద ఉంది. నేను సంతకం పెడితేనే కదులుతుంది. మా ఆయన మొగిలయ్య ఓవర్‌టైములు చేసి, నేను కొత్తిమీర కట్టలు కట్టి కొన్నది. ఆయన పోయాక నాకు ధైర్యమంటూ ఉంటే ఆ నాలుగు హద్దురాళ్ళే. నాకు జబ్బు చేస్తే ఎట్లా, ఇల్లు కురిస్తే ఎట్లా, వీడి ఫ్యాక్టరీ మూసేస్తే ఎట్లా, ప్రతి భయాన్నీ తీసుకెళ్ళి ఆ రాళ్ళకే కట్టేస్తాను.

సీటెంతరా అన్నాను. డొనేషన్ ఎనిమిది లక్షలు అన్నాడు. ఫీజు ఏడాదికి లక్షా పదివేలు, కాలేజీ బస్సు ముప్పై అయిదు వేలు. నాలుగేళ్ళకు పదమూడు లక్షల ఎనభై వేలు అని నోటితోనే చెప్పాను. వాడు ఫోన్లో కూడి, కరెక్టేనమ్మా అన్నాడు, ఫోన్ గెలవలేదని బాధపడినట్టు.

గంత పెడితె ఏమొస్తదిరా అన్నాను. ఇంజనీర్ అయితడు అన్నాడు. అది గాదు, నెలకెంత, ఎప్పట్నుంచి అన్నాను. గిట్ల లెక్కలేస్తె లోకంల ఎవ్వడు సదువడు అని విసుక్కుని చెయ్యి కడుక్కున్నాడు.

టమాటా ట్రే కొనేటప్పుడు పైవరస చూసి నేనెప్పుడూ మోసపోలేదు. బోర్లించి అడుగు చూసేదాన్ని. కమీషన్ దుకాణంవాళ్ళు తిట్టేవాళ్ళు. తిట్టనీ. ఈ సీటు అడుగు చూడకుండా సంతకం పెట్టనని చెప్పాను. బాలామణి గిన్నెలు చప్పుడు చేసింది. రెండు కొత్తవి. సొట్టలు పడతాయని నా భయం.

జూన్ 12, గురువారం

బీపీ మాత్రల వంక చెప్పి ఉప్పల్ వెళ్ళాను.

చౌరస్తాలో ఆ కాలేజీ ఫ్లెక్సీ ఉంది. ఆరు వరుసలు, వరుసకు ఎనిమిది మొహాలు. ఒక్కో మొహం కింద ఇన్ని లక్షలని. అందరికీ ఒకటే కోటు. తలలు మారాయి గాని కోటు మడత కూడా మారలేదు. మూడో వరుసలో మన గీతిక ఉంది. ఆరున్నర లక్షలు.

నలభై ఎనిమిది మంది. ఆ కాలేజీలో ఏడాదికి ఎంతమంది చదివి బయటికొస్తారని ప్రశాంత్‌కు ఫోన్ చేసి అడిగాను. వెయ్యి మంది దాంక ఉంటరు నానమ్మా, నువ్వు ఎండల ఎందుకున్నవ్ అన్నాడు. అంటే ఇది పైవరస. తొమ్మిది వందల యాభై రెండు మంది అడుగున ఉన్నారు. వాళ్ళ మొహాలకు ఫ్లెక్సీ ఎవడు కడతాడు?

వాళ్ళను నేనే వెతికాను. చార్జర్లు అమ్మే షాపులో ఒకడు దొరికాడు. మెకానికల్. పద్నాలుగు వేలు, పండక్కి ఒక జత బట్టలు. మందుల షాపులో బిల్లు కొట్టే పిల్లవాడు సివిల్. పదమూడు వేలు. మాత్రల పేరు చదివిన ఇంగ్లీషు చూస్తే చదువు బాగానే ఎక్కింది. రెండు గంటల్లో నలుగురు ఇంజనీర్లు దొరికారు. మంచి ముల్లంగి ఒక్కటి దొరకలేదు.

జూన్ 13, శుక్రవారం

నిన్న మందుల షాపు ఇంజనీర్‌తో మాట్లాడుతూ మాత్రలు కొనడం మరచిపోయి వచ్చాను. తల తిరుగుతోంది.

జూన్ 16, సోమవారం

ఇవాళ ఒక బేరం గెలిచాను. వివరంగా రాసుకోవాలి.

పదకొండు గంటలకు కన్సల్టెన్సీ అచ్యుతరావు వచ్చాడు. కాలేజీలకు పిల్లల్ని పట్టి ఇచ్చి కమీషన్ తినే మనిషి. చేతికి కడియం, వేళ్ళకు మూడు ఉంగరాలు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పెద్దమ్మా, ఇంక రెండే సీట్లున్నయ్, పరంధామన్న శనివారం చిట్టీ ఎత్తి యాభై వేలు బయానా ఇస్తనన్నడు, గని అప్పటిదాంక సీటు ఆగుతదో లేదో, జర సూడు అన్నాడు.

నాకు కాలిపోయింది. అంటే నా కొడుకు నాకు చెప్పకుండానే మాట ఇచ్చేశాడు. నేను వద్దంటే అచ్యుతరావు వెళ్ళిపోతాడు, శనివారం వీడు యాభై వేలు పోస్తాడు. కాబట్టి నేను టైము కొనాలి. తక్కువలో కొనాలి.

పదివేలన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నలభై అన్నాడు. కొంగు దులుపుకుని లేచాను. ఇరవై అయిదు అన్నాడు. పదివేలన్నాను. మంచినీళ్ళు తాగి ఆలోచించి, సరే పెద్దమ్మా, నీతోని గెలువలేను, పదివేలే ఇయ్యి, గని నమ్మకానికి పోరని ఒరిజినల్స్ ఫైలు ఇయ్యి, కాలేజీల పెడ్త, మీరు వద్దంటె ఎన్కకిస్తరు అన్నాడు.

ఇది మాకు మార్కెట్లో ఉన్న పద్ధతే. ట్రేలకు డిపాజిట్ డబ్బు లేనప్పుడు కాటాలోని అయిదు కిలోల బాటు, తూకం రాయి, కుదువ పెట్టి వచ్చేదాన్ని. చిల్లర గిరాకీకి అయిదు కిలోల బాటుతో పని లేదు. సాయంత్రం ఖాళీ ట్రేలు ఇచ్చి బాటు తెచ్చుకునేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కటి పోలేదు. ఆ ఫైలు మాత్రం బీరువాలో ఉండి ఏం ఉద్ధరిస్తోంది? పోపుల డబ్బా వెనక దాచుకున్న పదివేలూ, నీలం ఫైలూ ఇచ్చాను. ఇంటర్ మెమో, టీసీ, పదో తరగతిది, కులం, ఆదాయం అన్నీ అందులోనే. ముట్టినవని చీటీ రాయించుకున్నాను.

నలభై వేలు మిగిలాయి! సాయంత్రం పరంధామయ్యకు చెప్పాను. పదివేల తోటి ఆపిన, ఇంక చిట్టీ ముట్టకు, నెల దినాలు నన్ను సూడనియ్యి అన్నాను. అబ్బో అమ్మా, నువ్వు ఏజెంటు కన్న పెద్ద ఏజెంటువు అన్నాడు. ఫైలు మాట వాడు అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

జూన్ 19, గురువారం

ఆరున్నర లక్షల పిల్ల రోజూ పొద్దున తొమ్మిదికి అతుకుల చెప్పులతో బస్సు వెనక పరుగెత్తడం ఏమిటని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఇవాళ కరివేపాకు కోసం వచ్చింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. టీ సగం అయ్యాక, నెలకెంత ముడుతదమ్మా అని అడిగాను.

గీతిక తల వంచుకుంది. మామ్మగారూ, మీకు చెప్పానని తాతయ్యకి తెలిస్తే బాధపడతారు, ఎవరికీ చెప్పకండి అంది. కంపెనీవాళ్ళు ఆఫర్ లెటర్ ఇచ్చారట. కాలేజీవాళ్ళు ఫోటో తీశారట, ఫ్లెక్సీ కట్టారట. జాయినింగ్ డేట్ మాత్రం కంపెనీ ఇవ్వలేదట. పద్నాలుగు నెలలు. మెయిల్ పెట్టినప్పుడల్లా వెయిట్ చేయమంటారట. ఇప్పుడు హబ్సిగూడలో ఒక చిన్న ఆఫీసులో బిల్లులు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. పదిహేడు వేలు.

సీటుకు చేసిన అప్పు తొమ్మిది లక్షలు. నెలకు పన్నెండు వేల మూడొందలు, పదేళ్ళు.

ఆ పిల్ల వెళ్ళాక లెక్క రాశాను. పదిహేడు వేలలో కిస్తీ పోతే నాలుగు వేల ఏడొందలు. బస్సుకు, మెట్రోకు పదిహేనొందలు. మిగిలింది మూడు వేల రెండొందలు. రోజుకు నూట ఆరు రూపాయలు. ఆఖరి ఏడాది మోకాళ్ళ నొప్పులతో ఒక్కపూట కూర్చుని కూడా నేను రోజుకు అయిదొందలు తెచ్చాను. నా మొహం ఏ ఫ్లెక్సీ మీదా వేయలేదు.

ఇదంతా తెలిసి కూడా సత్యనారాయణమూర్తి మా ఇంటికొచ్చి, డబ్బు ఇవాళ పోతుంది రేపొస్తుంది అంటాడు. తాను కొన్న కుళ్ళిన ట్రే పక్కింటివాడు కూడా కొంటే కంపు సమానమవుతుందనుకునే రకం. తిన్న బజ్జీలు గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

జూన్ 22, ఆదివారం

గీతిక పేరు చెప్పకుండా ఆ లెక్క ఇంట్లో చదివాను. బాలామణి, అందరికి గట్లనే అయితదా అత్తమ్మా అంది, గొంతు తగ్గించి.

అప్పుడు ప్రశాంత్ నోరు విప్పాడు. నాకు కంప్యూటర్సే గావాల్నని ఎవరన్నరు నానమ్మా, నా ర్యాంకుకు కన్వీనర్ కోటాల ఈసీఈ వస్తది, ఫీజుల పెద్ద ముక్క గవర్నమెంట్ కడ్తది, మనం ఏడాదికి ముప్పై నలభై వేలు కట్టుకుంటె సాలు అన్నాడు. మరి ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావురా అని వాళ్ళ నాన్న అరిచాడు. నన్నెవరు అడిగిన్రు డాడీ అన్నాడు.

నిజమే. చదివేవాడిని తప్ప అందరినీ అడిగారు. నేను చార్జర్ల షాపులో కూడా అడిగాను గాని వాడిని అడగలేదు.

జూలై రెండున సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు స్లాట్ బుక్ చేశారు. ప్లాటు మాట పక్కన పెట్టారు. పదివేలు పోతే పోయింది. అచ్యుతరావుకు ఫోన్ చేసి ఫైలు తెప్పించుకోవాలి.

జూన్ 24, మంగళవారం

అచ్యుతరావు ఫోన్ ఎత్తలేదు.

జూన్ 27, శుక్రవారం

ఎత్తలేదు. పదకొండు సార్లు. కోడలు ఎవరికత్తమ్మా అని అడిగితే గ్యాసు బుకింగ్‌కు అన్నాను.

జూలై 1, మంగళవారం

ఎత్తాడు. రేప్పొద్దుగాల్ల నేనే తెచ్చిస్త పెద్దమ్మా అన్నాడు. ఎందుకైనా మంచిదని రెండుసార్లు చెప్పించుకున్నాను.

జూలై 2, బుధవారం, మధ్యాహ్నం 3

రాలేదు.

ఎనిమిదికి ప్రశాంత్ బీరువా తెరిచాడు. తొమ్మిదికి బీరువా ఖాళీ అయింది. మంచాలు లేపారు, బియ్యం డబ్బా వెనక చూశారు, అటక మీద చూశారు. నేను గోరుచిక్కుడు తుంచుతూ కూర్చున్నాను. తల ఎత్తలేదు. వస్తాడు, గేటు చప్పుడవుతుంది, ఫైలు మెల్లగా పరుపు కింద పెట్టేస్తాను అనుకుంటున్నాను. పరంధామయ్య, వస్తువు ఒక్క జాగల పెట్టుడు నీ పుట్టుకల లేదని పెళ్ళాన్ని తిట్టాడు. బాలామణి ఏడ్చింది. గోరుచిక్కుడు అయిపోయింది. ఇక చేతులకు పని లేదు. చెప్పాను.

పరంధామయ్య అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అమ్మా, ఒరిజినల్స్ లేకుంటె ఆడ కూసోనియ్యరు అన్నాడు. అంతే. బాలామణి ముక్కు తుడుచుకుని, నెల దినాల సంది లోకాన్ని తిట్టినవ్ గదత్తమ్మా అంది.

అయిదు కిలోల బాటు అనుకుని ఇచ్చాను. కాదు. కాటా ముల్లే పీకి ఇచ్చి వచ్చాను. నలభై వేలు మిగిల్చానని మురిసిపోయిన ముసలిదాన్ని చూస్తే నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

జూలై 4, శుక్రవారం

నేను, పరంధామయ్య కాలేజీకి వెళ్ళాం. ఘట్‌కేసర్ దాటాక లోపలికి. దారిలో అన్నోజిగూడలో మా ప్లాటు వైపు కిటికీలోంచి తొంగి చూశాను. మధ్యలో కొత్త ఇళ్ళు లేచాయి. హద్దురాళ్ళు కనిపించలేదు.

టై కట్టుకున్న మనిషి ఏసీ గదిలో కూర్చున్నాడు. అడ్మిషన్ కాన్సిల్ చేసుకోవాలంటే ఫస్టియర్ ఫీజు, డొనేషన్‌లో కొంత, మొత్తం లక్షా ఎనభై అయిదు వేలు కట్టి ఫైల్ తీసుకెళ్ళండి అన్నాడు. చీటీ చూపించాను. ముట్టినవని ఉంది, ఎప్పుడిస్తామని లేదు కదమ్మా, మేం అడిగామా, మీరే ఇచ్చారు అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, మా మార్కెట్లో దొంగకాటావాడు కూడా ఇంత తియ్యగా మాట్లాడడు.

అచ్యుతరావు బయట సోఫాలోనే ఉన్నాడు. ఇంకో తండ్రికి, ఇంక రెండే సీట్లున్నయ్ అని చెబుతున్నాడు. జూన్‌లో రెండు. జూలైలో రెండు. ఆ రెండు సీట్లకు చావు లేదు.

జూలై 9, బుధవారం

మొదటి విడత కౌన్సెలింగ్ మాకు పోయింది. రెండో విడత వెరిఫికేషన్ ఇరవై ఆరున. ఆ లోపల ఫైలు రావాలి. ఫైలు రావాలంటే లక్షా ఎనభై అయిదు వేలు కావాలి. చిట్టీ ఎత్తినా సగం కూడా రాదు. పరంధామయ్య బ్రోకర్‌కు చెప్పాడు. తొందరలో ఉన్నామని తెలియగానే గజానికి నాలుగు వేలు తగ్గించి అడిగాడట ఒకడు. పద్దెనిమిదిన బయానా పట్టుకుని వస్తాడు.

నా తప్పుకు నా ప్లాటు. న్యాయమే. సంతకం పెడతానన్నాను. వాడు అన్నం కలుపుతూ, ఊకో అమ్మా, నేను చిట్టీ సంగతి నీకు ముందుగాలనే చెప్పి ఉంటె గింత దూరం రాకపోవు అన్నాడు. వాడు తిడితే బాగుండు.

ప్రశాంత్ ఇప్పటికి మూడు రోజులుగా క్రికెట్‌కు వెళ్ళలేదు.

జూలై 14, సోమవారం

మంచం కింది నుంచి కాటా తీశాను. బూజు దులిపాను. ఒక ట్రే టమాటాలు కొని, ప్రశాంత్‌తో ఆటో ఎక్కించుకుని కాలేజీ గేటు ఎదురుగా, రోడ్డుకు ఇవతల కూర్చున్నాను. గేటు పక్కన కూడా అదే ఫ్లెక్సీ. అవే నలభై ఎనిమిది మొహాలు. పిల్లవాడిని ఇంటికి పంపేశాను.

తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తూనే ఉన్నారు. కొత్త బట్టలు, చేతిలో ఫైళ్ళు. టమాటా కిలో ముప్పై, సీటు సంగతి ఊకెనే చెప్త అన్నాను. ముందు నవ్వారు. తరువాత ఆగారు. నాకు తెలిసింది మూడే మాటలు. ఒరిజినల్స్ చేతికియ్యకున్రి. ఇచ్చేటిదుంటె ఎప్పుడిస్తరో తారీఖు రాయించుకోన్రి. నలభై ఎనిమిది మందిని గాదు, మిగిలినోళ్ళను సూపియ్యమనున్రి. నా కథ కూడా చెప్పాను. నా తెలివితక్కువతనం దాచలేదు. దాచడానికి ఇంకేం మిగిలింది?

జనగామ నుంచి వచ్చిన ఒకాయన కూతురి ఫైలును చంకలో పెట్టుకుని, లోపలికి పోకుండా తిరుగు బస్సెక్కాడు. మొత్తం మూడు కుటుంబాలు వెనక్కి పోయాయి. తొమ్మిది కిలోలు అమ్మాను.

వాచ్‌మన్ వచ్చి, ఈడ కూసోవద్దు పెద్దమ్మా అన్నాడు. రోడ్డు మీ సార్‌దా అన్నాను. కాదని అరకిలో కొనుక్కుని వెళ్ళాడు.

జూలై 15, మంగళవారం

వాన. తడిస్తే న్యుమోనియా వస్తుందని, ఇంట్లో ఇనుప పెట్టె తాళం వేశానో లేదోనని, రెండు భయాలతో కూర్చున్నాను.

పన్నెండుకు టై మనిషి గొడుగు పట్టించుకుని వచ్చాడు. అయిదొందల నోటు ఇచ్చి, ఇంటికి వెళ్ళమ్మా, ఈ వయసులో ఎందుకివన్నీ అన్నాడు. ఊరికే డబ్బు తీసుకోవడం నాకు అలవాటు లేదు. పదహారు కిలోల ఆరొందల గ్రాములు తూచాను. నాలుగు కవర్లయ్యాయి. వద్దు వద్దంటున్నా చేతుల్లో పెట్టాను. గొడుగు ఒకడు, టమాటాలు ఒకడు. గేటు దగ్గర ఒక కవరు తెగింది. లోపలికి పోతున్న తల్లిదండ్రులు ఆగి చూశారు.

జూలై 16, బుధవారం

ఇవాళ గీతిక వచ్చింది. హాఫ్ డే లీవ్ పెట్టిందట. నేను పిలవలేదు. ప్రశాంత్ చెప్పాడట.

వచ్చి నా పక్కన, సరిగ్గా ఫ్లెక్సీ ఎదురుగా నిలబడింది. వచ్చినవాళ్ళు ఫ్లెక్సీ చూసి, పిల్లను చూసి, మళ్ళీ ఫ్లెక్సీ చూశారు. ఒకావిడ, ఆ మూడో వరుసల ఉన్నది నువ్వేనా బిడ్డా అంది. నేనేనండి, జీతం పదిహేడు వేలు అంది గీతిక. ఆ కోటు నీదేనా అని ఆవిడ కొడుకు అడిగాడు. కాదండి, ఫోటోలోనే వేశారు అంది. 

నీకు భయం లేదా అమ్మా అన్నాను. నా మొహాన్ని వాళ్ళు ఏడాదిగా వాడుకుంటున్నారు మామ్మగారూ, ఒక్కరోజు నన్నూ వాడుకోనివ్వండి అంది.

సాయంత్రం సత్యనారాయణమూర్తి వచ్చాడు. గొడవకు వచ్చాడనుకుని నేనూ సిద్ధంగా ఉన్నాను. కుర్చీలో కూర్చుని, పరువు తీశారండీ అన్నాడు. తరువాత, గీతిక కిస్తీలో సగం నా పింఛన్లోంచే పోతోందండీ అన్నాడు. ఆఖరికి, ముందే చెప్పాల్సింది మీకు అన్నాడు. బజ్జీలు పెట్టాను. ముట్టుకోలేదు. ఆయన చొక్కాకు ఇస్త్రీ లేకపోవడం మొదటిసారి చూశాను.

తిట్టాలనుకున్నవి అన్నీ అట్లాగే మిగిలిపోయాయి. వేరే ఎవరికైనా పనికొస్తాయి.

జూలై 17, గురువారం

పది గంటలకే అచ్యుతరావు గేటు లోపలి నుంచి వచ్చాడు. చేతిలో నీలం ఫైలు. తీస్కో పెద్దమ్మా, తీస్కొని పో, సార్‌కు బీపీ లేస్తున్నది అన్నాడు. లక్షా ఎనభై అయిదు వేల మాట ఎత్తలేదు.

ఫైలు బోర్లించి అడుగు నుంచి చూశాను. ఆదాయం, కులం, పదో తరగతి, టీసీ, మెమో. అన్నీ ఉన్నాయి. పదివేలు మాత్రం అడగకు, అవి ఖర్చయినయ్ అన్నాడు. అది నా ఫీజురా, నెల దినాలల్ల మస్తు నేర్చుకున్న, మీ కాలేజీ కన్న సస్తాల అయింది అన్నాను.

బస్సు ఎక్కుతూ వెనక్కి చూశాను. ఫ్లెక్సీలో మూడో వరుసలో ఒక మొహం మీద తెల్లకాగితం అంటించారు. నలభై ఏడు.

జూలై 18, శుక్రవారం

ప్లాటు కొనేవాడు వచ్చాడు. టమాటాలు మిగిలితే ఒక కిలో అమ్మాను.

జూలై 26, శనివారం

వెరిఫికేషన్ అయింది. నేను బయట మెట్ల మీద కూర్చుని, ఫైలుతో లోపలికి పోయినవాళ్ళను, ఫైలుతో బయటికొచ్చినవాళ్ళను లెక్క పెట్టాను. ఒకటి తక్కువ వచ్చింది. లేచి తలుపు దాకా పోయాను. ప్రశాంత్ బాత్రూంకు వెళ్ళాడట.

జూలై 31, గురువారం

ఈసీఈ వచ్చింది. వేరే కాలేజీ. మేము కట్టుకునేది ఏడాదికి ముప్పై ఎనిమిది వేలు. నాలుగేళ్ళకు లక్షా యాభై రెండు వేలు. చిట్టీతో, నా బ్లౌజుల కింద దాచిన డబ్బుతో గట్టెక్కవచ్చు. బాలామణి సేమ్యా చేసింది. నాకు రెండుసార్లు వడ్డించింది. అంటే మాఫీ.

అందరూ తింటున్నప్పుడు ప్రశాంత్‌ను అడిగాను. నాలుగేండ్ల తర్వాత నెలకెంతొస్తదిరా అన్నాను. తెల్వది నానమ్మా అన్నాడు.

రెండు నెలల్లో సీటు గురించి నాకు ఒకరు నిజం చెప్పడం, గీతిక తరువాత, ఇది రెండోసారి. సేమ్యా కొంచెం ఎక్కువే తిన్నాను.

ఆగస్టు 2, శనివారం

ఈ కాలేజీవాళ్ళు కూడా ఒరిజినల్స్ పెట్టుకుంటారట, చదువు అయ్యేదాకా. తారీఖు రాయించుకోమన్నాను.

ఇచ్చేముందు కాటాలో పెట్టాను. నూరు గ్రాముల బాటు, యాభైది, ఇరవైది. కాగితాలన్నీ ఫైలుతో కలిపి నూట డెబ్బై గ్రాములు.

తిరిగి వచ్చేటప్పుడు డిగ్రీ కాగితమంత బరువు ఎక్కువ ఉండాలి. అప్పటికి నేను లేకపోతే ప్రశాంత్ తూయాలి. కాటా మంచం కింద ఉంది.